మిడ్ నాబ్ సున్నా దగ్గర

గిటారు ఆంప్లిఫయర్ ముఖాన మూడు నాబ్‌లు వరసగా ఉంటాయి. బేస్, మిడ్, ట్రెబుల్. బేస్ కడుపులో తగిలే శబ్దం. ట్రెబుల్ పళ్ళు జివ్వుమనిపించే శబ్దం. ఆ రెంటికీ నడుమ ఉన్నదంతా మిడ్. మనిషి గొంతు ఉండేది అక్కడే. మూసిన తలుపు అవతల ఎవరో మాట్లాడుతుంటే మాటలు తెలియకపోయినా మనిషి ఎవరో గుర్తుపడతామే, అది ఆ నడిమి శబ్దం వల్లే. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదని చెప్పుకోగలిగితే బాగుండేది. తెలుసు.

బళ్ళారి నుంచి ఇనుపరాయి ఓడలెక్కి చైనా పోతున్న రోజులవి. ఎర్రదుమ్ముకు భయపడి ఉతికిన బట్టలు ఇంటి లోపల ఆరేసుకునేవాళ్ళం. తెల్ల చొక్కా చర్చికి తప్ప ఇంకెక్కడికీ వేసుకునేవాళ్ళం కాదు, చర్చికి వేసుకున్నా కాలరు లోపల ఎర్రగీత పడేది. నేను ఒక లారీల ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఏ బండి ఏ గనికి పోవాలో, ఏ రైల్వే సైడింగులో దింపాలో ఫోన్లో చెప్పడం నా పని. మా చిన్నాన్న కొడుకును టిప్పర్ డ్రైవరుగా పెట్టించింది కూడా నేనే. బండ్రి దాటి గుట్టల్లోకి పోయి రాయి నింపుకొని వచ్చేవాడు. కిందికి దిగితే రెప్పల వెంట్రుకలు కూడా ఎర్రగా ఉండేవి. మూతికి తువ్వాలు కట్టుకోరా అంటే, కట్టుకుంటే పాట రాదన్నా అనేవాడు. బండి నడుపుతూ పాడుకునే అలవాటు వాడిది.

వాడికి పాట ఊరికే వచ్చింది కాదు. మాది పాత మిషను సంఘం. మా గుడిలో దొరల కాలం నాటి ఆర్గన్ ఒకటి ఉండేదిగాని దాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. అప్పటినుంచి కీర్తన ఎత్తేది ఒక మనిషే. ఎడమ పక్క ముందు బల్ల దగ్గర నిలబడి మొదటి చరణం ఒక్కడే అందుకుంటాడు. ఏ శ్రుతిలో ఎత్తితే ఆ శ్రుతిలోనే రెండో చరణం నుంచి గుడి మొత్తం కలుస్తుంది. ముసలివాళ్ళకు అందేలా, పిల్లలకు మరీ కిందికి పోకుండా ఎత్తడం తెలియాలి. మైకు ఉండదు. పాస్టరు గారికి మైకు ఉంటుంది, పాట ఎత్తేవాడికి ఉండదు. మైకు అడిగితే ఇక వేరేవాణ్ణి చూసుకోమని చెప్పినట్టే. మా చిన్నాన్న బతికినంత కాలం ఆయన ఎత్తాడు. ఆయన పోయాక మీసాలు సరిగా రాని వయసులోనే తమ్ముడు ఆ చోట నిలబడ్డాడు. సంఘంలో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఇళ్ళు వాకిళ్ళు ఉన్నవాళ్ళు చాలామంది ఉండేవారు. టిప్పర్ డ్రైవరుకు అంతమందిలో దొరికిన చోటు అదొక్కటే. వాడికి అది ఎంతో నాకు తెలుసు.

మిగతా వారమంతా మేం మెటల్ వాయించేవాళ్ళం, చెవులు పగిలే రాక్ సంగీతం అది. నేను గిటారు, వాడు పాట. సిరుగుప్పలో రైసు మిల్లు ఉన్నవాళ్ళ అబ్బాయి డ్రమ్స్. కప్పగల్లు దగ్గర వాళ్ళ బియ్యం గోడౌను మా ప్రాక్టీసు చోటు. బేస్ గిటారుకు ఎవరో ఒకరు వచ్చి పోతుండేవారు.

బెంగళూరులో ఒక పాత స్టూడియో మూసేస్తున్నారని తెలిసి ఆ ఆంప్లిఫయర్ తెచ్చుకున్నాను. వాల్వులది. మా నాన్న దాన్ని చూసి, ఇంత బతుకు బతికి మళ్ళీ వాల్వు రేడియో కొన్నావా అన్నాడు. స్విచ్ వేస్తే వాల్వులు ఎర్రబడేదాకా ఆగాలి. ఇంకో స్విచ్ ఉంటుంది, స్టాండ్‌బై అంటారు, అది తర్వాత వేయాలి, అప్పుడే శబ్దం వస్తుంది. బళ్ళారి కరెంటు దానికి పడేది కాదు. సాయంత్రాలు వోల్టేజీ పడిపోతే శబ్దం తడిసిన అట్టలాగా మెత్తబడేది. స్టెబిలైజరు పెట్టుకున్నాను. నాబ్‌లలోకి ఎర్రదుమ్ము పోయి, తిప్పితే కరకరమనేవి.

డ్రమ్స్ అబ్బాయికి అదొక వేడుక.

"ఏమప్పా, నీ డబ్బా ఆన్ అయ్యేలోపల నా బియ్యం ఉడికిపోతాది."

"అన్నం తిని వాయిద్దాం లే, ఏంది ఇప్పుడు," అనేవాడు తమ్ముడు.

ఆ డబ్బాకు పుట్టుకతోనే మిడ్ ఎక్కువ. మెటల్‌కు అది పనికిరాదని అప్పుడు అందరూ అనేవారు. బేస్ నిండా, ట్రెబుల్ నిండా, మిడ్ సున్నా, అదే మెటల్ శబ్దమని ఇంటర్నెట్ సెంటర్లో కూచుని చదువుకున్నాను. ఇంట్లో అలాగే పెట్టి వాయిస్తే కొండ కదిలినట్టు ఉండేది. గోడౌనుకు తెచ్చి డ్రమ్స్‌తో కలిపితే మాయమైపోయేది. నా బేస్‌ను డ్రమ్స్ మింగేసేవి, నా ట్రెబుల్‌ను డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాలు మింగేసేవి. మధ్యలో నేను లేను.

"నువ్వు వాయిస్తాండావా, సుమ్నె ఊరికే తల ఊపుతాండావా?" అన్నాడు డ్రమ్స్ అబ్బాయి. "నాకొక్క ముక్క వినపళ్ళేదప్పా. చేతులు కదిల్తాండాయి, అంతే."

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే నేర్చుకున్నాను. బేస్ తగ్గిస్తే శబ్దం బిగుస్తుంది. శబ్దాన్ని గరుకు చేసే గెయిన్ పెంచితే బలం వస్తుందనుకుంటాంగాని, తగ్గిస్తేనే తీగ మీద దెబ్బ విడిగా వినపడుతుంది. డబ్బాకు ముందు కాలితో నొక్కే ఒక చిన్న పెడల్ పెట్టి, దాని గరుకు సున్నా చేసి, లెవెల్ మాత్రం నిండుగా ఇస్తే, ఆ వదులు శబ్దం పిడికిలి బిగించినట్టు అవుతుంది. ఇవన్నీ చేశాక, మిడ్ నాబ్‌ను భయపడకుండా పైకి తిప్పాను. కొంచెం, ఇంకొంచెం, సగం దాటించి ఇంకా. అప్పుడు గిటారు డ్రమ్స్‌ను చీల్చుకొని బయటికి వచ్చింది. డ్రమ్స్ అబ్బాయి వాయించడం ఆపి కర్ర పైకెత్తి చూపించాడు. నా బతుకులో అంత సంతోషం కలిగిన సందర్భాలు తక్కువ. అది మెటల్ డబ్బా కాదన్నవాళ్ళందరి ముందూ గెలిచినట్టనిపించింది.

అక్కడే తమ్ముడి గొంతు ఉండేది. నేను పోయి నిలబడింది వాడి చోట్లో.

దాని తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. డబ్బా నేల మీద ఉండేది, దాని శబ్దం నా పిక్కలకు తగిలి పోయేది. నాకు వినపడేది తక్కువ, అందుకని పెంచేవాణ్ణి. గోడౌను బస్తాలతో నిండి ఉంటే శబ్దాన్ని బస్తాలే తాగేసేవి, అప్పుడూ పెంచేవాణ్ణి. బస్తాలు లారీలెక్కి పోయాక తగ్గించేవాణ్ణి కాదు. వాడు నాకు ముందు, డబ్బాకు ఎదురుగా నిలబడి, ఆ శబ్దాన్ని నేరుగా తలకాయకు తీసుకుంటూ పాడేవాడు. మైకు చిన్నది, స్పీకరు పాతది. అందులోనూ వాడు మైకుకు ఒక చేతి దూరంలో నిలబడేవాడు. గుడిలో పాట ఎత్తినట్టే ఎత్తేవాడు.

ఒకరోజు పాట మధ్యలో ఆపాడు.

"అన్నా, ఆ నడిమిది స్వల్ప తగ్గిస్తావా? నా గొంతు నాకే వినపళ్ళేదు."

"మైకు దగ్గరికి పోరా."

"దగ్గరికి పోతే ఊపిరి కుదరదన్నా. నాయన నేర్పినట్ల కడుపులోంచి తీస్తేనే వస్తాది నాకు."

"అయితే తియ్యి," అన్నాను.

వాడు తీశాడు. నేను అన్న మాట అదే, అంత తేలిగ్గానే అన్నాను. మిడ్ తగ్గిస్తే నా శబ్దం మళ్ళీ తాళాల్లో కలిసిపోతుందేమోనని నా భయం. రెండింటికీ చోటు చేసే దారి ఉందో లేదో వెతకలేదు. వెతికి ఉంటే దొరికేది. కొంచెం కింది శబ్దాలకు జరిగి వాయించవచ్చు, వాడు పాడేటప్పుడు చేతి బరువు తగ్గించవచ్చు, డబ్బాను పక్కకు తిప్పి పెట్టవచ్చు. ఇవేవీ పెద్ద విద్యలు కావు.

వాడి గొంతు గరుకు పడటం మొదలైంది. అందరం సంతోషించాం. మెటల్‌కు గరుకు గొంతే కావాలి కదా అని. ఆదివారం గుడిలో మాత్రం పాట ఎత్తే ముందు చాలాసేపు గొంతు సవరించుకునేవాడు. పై శ్రుతిలో ఎత్తే కీర్తనలను కిందికి దించాడు. ముసలివాళ్ళు బాగుందనే అన్నారు, అందుతాండాది అని.

అప్పుడే ఒక గని యజమాని ఇంట్లో ఫంక్షను తగిలింది. కొడుకు పుట్టినరోజు. ఆర్కెస్ట్రా ఉంది, డాన్సులున్నాయి. కొడుకు బెంగళూరు కాలేజీలో చదువుతూ మెటల్ బ్యాండు కావాలని పట్టుబట్టాడట. మాకు అంత పెద్ద స్టేజీ అంతకుముందు దొరకలేదు. ఫంక్షనుకు కొద్దిరోజుల ముందు తమ్ముడు మధ్యాహ్నం పూట మా ఆఫీసుకు వచ్చాడు. బండి బయట పెట్టి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కాళ్ళనిండా దుమ్ము అని.

"గొంతు డాక్టరు దగ్గరికి పోయొస్తాండా అన్నా."

"ఏమన్నాడు?"

"గొంతు తీగల మీద కాయలు కాసినాయంట. పార పట్టుకుంటే చేతికి కాస్తాయి చూడు, అట్ల. దుమ్ములో తిరగొద్దన్నాడు. అరవొద్దన్నాడు. కొన్నాళ్ళు మాట్లాడనే వద్దంట. గుసగుసగా కూడా వద్దంట."

"మరి ఇప్పుడేం చేస్తాండావు?"

"మాట్లాడ్తాండా," అని నవ్వాడు. నవ్వులో కూడా గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. "ఊరుకుంటే సర్దుకుంటాదంట. ఊరుకోకుంటే చెప్పలేనన్నాడు. గుడ్ ఫ్రైడే వస్తాండాది కదన్నా. ఆ పొద్దు అన్ని కీర్తనలుంటాయి. అదే నాకు భయంగా ఉండాది."

నేను చెప్పాల్సింది ఒకటే. ఫంక్షను మానేద్దాం రా అనాలి. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

"ఈ ఒక్క ప్రోగ్రాం చెయ్యప్పా," అన్నాను. "అది అయినాక నీకు ఇష్టమొచ్చినన్ని రోజులు నోరు మూసుకో. మీ అమ్మ కూడా సంతోషపడ్తాది."

నవ్వాడు. 

"సరే. ఆ పొద్దు నడిమిది తగ్గిస్తావా మరి?"

"తగ్గిస్తా."

"ఒట్టు?"

"ఒట్టురా, పో."

తగ్గించాను. మైదానంలో స్టేజీ మీద, పొద్దు ఉండగానే, వాడు చూస్తుండగా నాబ్‌ను సగానికి దించాను. వాడు బొటనవేలు చూపించాడు. మొదటి పాట వాడు బాగానే పాడాడు, మైకుకు దగ్గరగా, జాగ్రత్తగా. వాడి గొంతు స్పష్టంగా వినపడింది. నా గిటారు వినపడలేదు. ఆరుబయట గోడలు లేవు, బస్తాలు లేవు, శబ్దం ఆకాశానికి పోయింది. ముందు వరసలో పట్టుచీరల ఆడవాళ్ళు బిర్యానీ సంగతి మాట్లాడుకుంటున్నారు. పుట్టినరోజు అబ్బాయి, వాడి స్నేహితులు స్టేజీ కింద నిలబడి తమ్ముణ్ణే చూస్తున్నారు. నన్ను ఎవరూ చూడటం లేదు.

రెండో పాట మధ్యలో ఎడమ చేయి తీగల మీద ఉండగానే, కుడి చేత్తో ఒక దెబ్బ కొట్టి, అది మోగుతుండగా వెనక్కి తిరిగి నాబ్ పట్టుకున్నాను. దుమ్ము కరకరమంది. ఆ కరకర స్పీకర్లలో కూడా వచ్చింది. పైకి తిప్పాను. గోడౌనులో పెట్టుకునే చోటు దాటి కూడా తిప్పాను. గిటారు కత్తిలా లేచింది. కింద అబ్బాయిలు నావైపు తిరిగారు, చేతులు ఊపారు.

తమ్ముడు వెనక్కి చూశాడు. ఒక్క చూపే. కోపంగా లేదు ఆ చూపు. నేను మళ్ళీ తగ్గిస్తానేమోనని చూసినట్టుంది. తర్వాత మైకు నుంచి ఒక చేతి దూరం వెనక్కి జరిగి, కడుపులోంచి తీశాడు.

పాటలు అయిపోయేసరికి వాడి నోటి నుంచి మాట రావడం లేదు. బిర్యానీ తింటూ సైగలు చేశాడు. డ్రమ్స్ అబ్బాయి, "ఇదే బాగుండాదప్పా, శాంతంగా ఉండాది," అన్నాడు. తమ్ముడూ నవ్వాడు, నేనూ నవ్వాను.

గుడ్ ఫ్రైడే నాడు మా గుడిలో మిట్టమధ్యాహ్నం మొదలైతే మూడు గంటలదాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, మాటకు మాటకు మధ్య కీర్తన. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, చెమట ఆరదు. నేను వెనక బల్లలో కూచున్నాను. మొదటి మాట మీద ప్రసంగం అయింది. పాస్టరు గారు కీర్తన నంబరు చెప్పారు. పుస్తకాలు తెరిచిన చప్పుడు. తమ్ముడు ముందు బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. తెల్ల చొక్కా. ఆ వారమంతా ఒక్క మాట మాట్లాడలేదని వాడి అమ్మ, మా పిన్ని, ముందే చెప్పింది, దాచిపెట్టుకుంటాండాడు పాటకోసం అని.

వాడు ఊపిరి తీసుకోవడం వెనకదాకా కనపడింది. భుజాలు లేచాయి. గాలి వచ్చింది. గాలే వచ్చింది. మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి గాలిలో ఏదో గీసినట్టు ఒక ముక్క వచ్చి తెగింది. గుడి మొత్తం పుస్తకాలు పట్టుకొని నిలబడి ఉంది. ఎవరూ కలవలేదు, కలవడానికి అక్కడ ఏమీ లేదు. వాడు మూడోసారి ప్రయత్నించలేదు. పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి మా పిన్ని ఎత్తింది. మా గుడిలో ఆడమనిషి పాట ఎత్తడం అదే మొదలు. ఆమె శ్రుతి మగవాళ్ళెవరికీ అందలేదు. అయినా అందరం కలిశాం. ముసలివాళ్ళు సగంలో ఆగిపోయి పెదాలు కదిపారు. మిగతా కీర్తనలన్నీ ఆమే ఎత్తింది. తమ్ముడు ప్రతి కీర్తనకూ లేచి నిలబడి, ప్రతిసారీ కూచున్నాడు.

తర్వాత ఆపరేషన్ చేశారు. కాయ పోయిందిగాని అక్కడ మచ్చ మిగిలిందన్నారు. మాట వచ్చింది. పాట రాలేదు.

దుమ్ము అన్నారు అందరూ. సంఘంలో, ఆఫీసులో, ఇంట్లో. గని దుమ్ము వాడి గొంతు తినేసిందన్నారు. పాస్టరు గారు ప్రార్థనలో కూడా దుమ్ము సంగతి చెప్పారు. పిన్ని ఒకరోజు మా ఇంటికి వచ్చి నా చేయి పట్టుకుంది.

"దుమ్మంట నాయనా. వాణ్ణి ఆ లారీ మీదనుంచి దింపు. నువ్వు చెప్తే ఆఫీసులో వింటారు."

దింపించాను. షెడ్డులో టార్పాలిన్లు కుట్టే పని ఇప్పించాను. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సొంత అన్న కూడా ఇంత చూడడంది. నేను తలొంచుకొని ఆ మాటలు తీసుకున్నాను. దుమ్ము అబద్ధం కాదు. ఆ ఊళ్ళో ఎవరి ఛాతీలో లేదు ఆ దుమ్ము? అబద్ధం కాదు కాబట్టే దాని వెనక అంత కాలం హాయిగా నిలబడగలిగాను. గనుల మీద కోపంగా మాట్లాడటం కూడా నేర్చుకున్నాను. నలుగురిలో నేను మాట్లాడుతుంటే వినేవాళ్ళు కూడా.

కొన్నాళ్ళకు కోర్టు ఆపమనడంతో గనులు ఆగిపోయాయి. లారీలు రోడ్ల పక్క తుమ్మచెట్ల కింద టైర్లు దిగిపోయి నిలబడ్డాయి. మా ఆఫీసు మూతపడింది. బ్యాండు అంతకుముందే పోయింది, పాడేవాడు లేకుండా ఏముంటుంది. డబ్బా మీద దుప్పటి కప్పి మంచం పక్కన పెట్టాను. మా ఆవిడ దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టేది.

ఒక ఆదివారం గుడి అయినాక తమ్ముడు ఇంటికి వచ్చాడు. వచ్చి కూచొని, బట్టలవైపు చూసి, "పనిచేస్తాండాదా అది?" అన్నాడు. వాడి గొంతు అప్పటికి సన్నటి ఇసుక రాలినట్టు ఉండేది. పక్కన ఫ్యాను తిరుగుతుంటే దగ్గరికి వంగి వినాలి.

"చూడలేదు."

"వెయ్యి ఒకసారి."

బట్టలు తీసి, దుప్పటి తీసి, స్విచ్ వేశాను. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. మేమిద్దరం వాటినే చూస్తూ కూచున్నాం. అన్నేళ్ళలో చెప్పని మాట అప్పుడు చెప్పాను, వాడి ముఖం చూడకుండా వాల్వులకు చెప్పినట్టు చెప్పాను.

"ఆ పొద్దు ఫంక్షనులో, మాటిచ్చి కూడా నేను పెంచినాను రా."

"తెల్సన్నా. చూసినా కదా."

"మరి పిన్నికి చెప్పలేదేం?"

"చెప్పి? ఆమెకు మిగిలింది నువ్వూ నేనే కదా." దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టాడు. "దుమ్ము కూడా ఉండాది లే."

స్టాండ్‌బై వేశాను. గిటారు తీసుకున్నాను. వాడు లేచి వచ్చి డబ్బా ముందు నేల మీద కూచున్నాడు, చెవి సరిగ్గా స్పీకరు ఎత్తుకు వచ్చేలా. నేనెప్పుడూ అక్కడ కూచోలేదు.

"వాయిస్తాండు," అని చేయి చాపి మిడ్ నాబ్ పట్టుకున్నాడు. అన్ని రోజుల్లో వాడు ఆ నాబ్‌ను ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను ఒకే తీగ మీద మెల్లగా కొడుతున్నాను. వాడు తగ్గిస్తూ పోయాడు. కరకర, కరకర. సున్నా దగ్గర నాబ్ ఆగింది. అప్పుడు వాడు ఊపిరి తీసుకొని, వాళ్ళ నాయన ఎత్తే కీర్తన మొదటి చరణం అందుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నాకు వినపడలేదు. గిటారు మాత్రం వినపడుతోంది.

"ఇంకా ఎక్కువే ఉండాదన్నా," అన్నాడు. "తగ్గించు."

"సున్నా దగ్గరే ఉంది రా."

వాడు వంగి చూశాడు. నిజంగానే సున్నా దగ్గర ఉంది. ఆ డబ్బా తీరు అంతే, మిడ్ సున్నా చేసినా లోపల మిడ్ మిగిలే ఉంటుంది, తీసేయడం కుదరదు. ఆ సంగతి వాడికి చెప్పలేకపోయాను.

నేను చేయి ఆపి తీగల మీద అరచేయి పెట్టాను. స్టాండ్‌బై తీసేశాను. ఫ్యాను కూడా ఆపాను. వాడు మళ్ళీ మొదటి చరణం అందుకున్నాడు. ఇప్పుడు వినపడింది. ఇసుక మీద కర్రతో గీసినట్టు, శ్రుతి ఉందో లేదో తెలియనట్టు. చరణం చివరిదాకా పోలేదు. గొంతు పట్టుకొని, చాలన్నట్టు చేయి ఊపాడు.

రెండో చరణం నేను కలవాలి, గుడిలో పద్ధతి అదే. నేను కలవలేదు. వాడు నావైపు చూసి, నేల మీదనుంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"టీ పెట్టమను వదినను," అన్నాడు.